నాలుగు వందల పదకొండు రద్దులు, ఒక తాళం

సాల్వీనా జెరాఫా పద్దెనిమిదేళ్లు జీన్సు ప్యాంట్ల కుట్లు చూసింది. ఆ తర్వాత పదకొండేళ్లు పేకాటరాయుళ్ల డబ్బు చూసింది. రెండు చోట్లా నేను ఆమెకు రెండు బల్లల అవతలే ఉన్నాను. బులెబెల్ ఫ్యాక్టరీలో నేను కుట్టుమిషన్ల మెకానిక్కుని. ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత కంప్యూటర్లు విప్పి, బిగించి, చేతులు కాల్చుకుని ఆ పని నేర్చుకున్నాను. గ్జీరాలో ఒక పోకర్ కంపెనీ వాళ్లు వైర్లూ మిషన్లూ చూసుకోమని పెట్టుకున్నారు. చెల్లింపుల బల్లకు ఓపికగల మనిషి కావాలంటే సాల్వీనా పేరు చెప్పింది నేనే. మెట్లెక్కి ఆయాసపడ్డప్పుడల్లా ఆ సంగతి గుర్తుచేసేది. "నీ పుణ్యమే విస్తిన్" అనేది, నా పేరు పెట్టి.

కంపెనీ పేరు లాంపారా. ఇంటర్నెట్‌లో నిజం డబ్బు పెట్టి పేకాడే చోటు. ఆడేవాళ్లు ఫిన్లాండులో, పోలెండులో, బ్రెజిల్‌లో ఉంటారు. మా దీవిలో ఉన్నది లైసెన్సూ, మూడో అంతస్తులో పద్నాలుగు బల్లలూ, ఎప్పుడూ బాగుపడని లిఫ్టూ.

ఫ్యాక్టరీలో ఆమెకు ఒక చాదస్తం ఉండేది. కత్తిరించిన గుడ్డ ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి వెళ్తుంది. ఒక మనిషి లెక్కలోంచి తీసేశాక, ఇంకో మనిషి లెక్కలో చేరేలోపు ఎక్కడైనా జారిపడితే దాన్ని నేలమీది ముక్క అనేవాళ్లం. అది ఎవరిదీ కాదు. సాయంత్రం ఊడ్చేవాళ్లు పట్టుకుపోతారు. సాల్వీనా బల్ల దగ్గర నేలమీది ముక్క ఉండేది కాదు. తన చేతిలోంచి వదిలేముందు అవతలి చెయ్యి పట్టుకుందో లేదో చూసేది. దానివల్ల ఆమె వరస నెమ్మదిగా నడిచేది. సూపర్‌వైజర్ గొణిగేవాడు. ఆమె మారలేదు.

లాంపారాలో ఆమె పని విత్‌డ్రాలు. ఆటగాడు తన డబ్బు బ్యాంకుకు పంపమని బొత్తాం నొక్కుతాడు. అది ఆమె తెరమీద ఒక వరసలో చేరుతుంది. ఆమె అతని పాస్‌పోర్టూ చిరునామా సరిచూసి సరేనంటుంది. తర్వాత డైరెక్టరు ఎడ్గార్ కామెన్జూలి కూడా సరేనంటేనే డబ్బు కదులుతుంది. ఈ మొత్తానికి మూడు రోజుల గడువు పెట్టారు. తనిఖీ కోసమని పైకి చెప్పేవాళ్లు. తనిఖీకి పది నిమిషాలు చాలు. అసలు సంగతి ఏమిటంటే ఆ మూడు రోజులూ ఆటగాడి తెరమీద ఒక ఎర్ర బొత్తాం వెలుగుతూ ఉంటుంది. రద్దు చేసుకుని మళ్లీ ఆడండి, అని. నొక్కితే డబ్బు తిరిగి అతని ఖాతాలోకి వస్తుంది. ఆ డబ్బులో సగానికి పైగా మర్నాటికి బల్లమీద పోతుంది. ప్రతి సోమవారం ఎడ్గార్ ఆ వారం రద్దుల బొమ్మ గోడమీద చూపించేవాడు. ఆకుపచ్చ గీత పైకి వెళ్తే అందరికీ జున్ను కూరిన వేడి పస్టీత్సీలు తెప్పించేవాడు. సాల్వీనా తన వాటా నా బల్లమీద పెట్టేది. కడుపులో మంట అనేది. ఆమెకు కడుపులో మంట లేదని నాకు తెలుసు.

ఆ ఎర్ర బొత్తాన్ని ఆపడానికి ఒక దారి ఉంది. ఆటగాడు రాతపూర్వకంగా అడిగితే విత్‌డ్రాకు తాళం వేయవచ్చు. వేశాక అతను వెనక్కి తీసుకోలేడు. ఈ మాట కంపెనీ నిబంధనల్లో నలభయ్యో పేజీలో ఉండేది. అక్కడిదాకా చదివినవాళ్లు తక్కువ. చదివినవాళ్లలో కాలెర్వో ఒకడు.

కాలెర్వో, ఫిన్లాండులో కోట్కా అనే రేవు ఊళ్లో పడవ ఇంజన్లు చూసి రిటైరైనవాడు. డెబ్భై దాటాయి. ఆట బాగా ఆడతాడు. చిన్న బల్లలమీద ఓపికగా కూర్చుని నెలకు మూడు నాలుగు వందలు గెలుస్తాడు. ఆ డబ్బు దారిలో ఉందని తెలిస్తే మాత్రం అతని చెయ్యి ఊరుకోదు. వెనక్కి తీసుకుని పెద్ద బల్లమీద కూర్చుంటాడు, గంటలో లేస్తాడు, ఖాళీ చేతులతో. తొమ్మిదేళ్ల క్రితం అతను మొదటిసారి రాసిన ఉత్తరం ఆమె నాకు చూపించింది. నాకూ డబ్బుకూ మధ్య ఎవరైనా నిలబడాలి, దయచేసి తాళం వేయండి, అని రెండు వాక్యాలు. ఆమె వేసింది. అప్పటినుంచి ప్రతి విత్‌డ్రాకూ అతను అడగడం, ఆమె తాళం వేయడం, వేశానని ఒక ముక్క రాయడం. తొమ్మిదేళ్లలో ఒకరి గొంతు ఒకరు వినలేదు. ఎడ్గార్‌కు ఇది నచ్చేది కాదు. తాళాల్ని ప్రోత్సహించకు సాల్వీ, అనేవాడు. అడిగినవాళ్లకే వేస్తున్నాను ఎడ్గార్ గారూ, అనేది ఆమె.

చివరి ఏడాది వేసవిలో మూడు రోజులు వారమయ్యాయి. సెప్టెంబరుకల్లా నలభై రోజులయ్యాయి. బ్యాంకు మారుస్తున్నామనీ, కొత్త తనిఖీలు వచ్చాయనీ రాయడానికి ఆమెకు ఆరు జవాబులు తయారుచేసి ఇచ్చారు. రోజుకు నూటయాభై మందికి ఆ ఆరింటిలో ఒకటి పంపేది. ఇంటికి వెళ్లే బస్సులో కళ్లు మూసుకుని కూర్చునేది. నిద్రపోతున్నావా అంటే, లేదు, ఏ జవాబు ఎవరికి పంపానో గుర్తుచేసుకుంటున్నాను, ఒకే మనిషికి రెండుసార్లు ఒకటే వెళ్తే ఇంకా మండిపడతారు, అనేది. ఆమె ఎప్పుడూ పాతవాళ్లను ముందు పెట్టేది. పైన ఎడ్గార్ ఆ వరస చెదరగొట్టేవాడు.

"అరిచేవాళ్లకు ముందు పంపు సాల్వీ. అరవనివాళ్లకు ఓపికెక్కువ" అన్నాడు ఒకరోజు ఆమె బల్లమీద మోచెయ్యి ఆనించి.

కాలెర్వో అరవడు. ఆగస్టు చివర అతను పదకొండు వేల నాలుగు వందల యూరోలు అడిగాడు. అన్నేళ్లలో అంత పెద్ద మొత్తం అదొక్కటే. ఏదో పోటీలో రెండోవాడిగా వచ్చాడు. వేసవి ఇంటి కప్పు కారుతోంది, రేకులు మార్చాలి, ఎప్పటిలాగే తాళం వేయండి, అని రాశాడు. ఆమె వేసింది. వేశానని రాసింది. అక్టోబరు వచ్చినా ఆ డబ్బు వరసలోనే ఉంది.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం ఆమె టమాటా రుద్దిన రొట్టె తింటూ, సగంలో ఆపి, నన్ను పిలిచింది. తెరమీద బ్యాంకు పేజీ ఉంది. చూడ్డానికి మాత్రం ఆమెకు హక్కుంది, కదపడానికి లేదు.

లాంపారాకు రెండు ఖాతాలు. ఒకటి ఆటగాళ్లది. కంపెనీ దివాలా తీసినా అప్పులవాళ్లు అందులో చెయ్యి పెట్టకూడదు, అది ఆటగాళ్ల సొత్తు. రెండోది ఖర్చులది. అద్దె, జీతాలు, ప్రకటనలు అందులోంచి. నెలనెలా లైసెన్సు ఆఫీసుకు లెక్క వెళ్తుంది. ఆటగాళ్ల పేర్లమీద ఇంత ఉంది, వాళ్ల ఖాతాలో అంతా ఉంది, అని. ఆ లెక్కలో ఎప్పుడూ పైసా తేడా లేదు. తేడా అంతా నిబంధనల్లో ఒక్క వాక్యంలో ఉంది. ఆటగాడు విత్‌డ్రా బొత్తాం నొక్కగానే ఆ డబ్బు ఆటగాళ్ల ఖాతాలోంచి ఖర్చుల ఖాతాలోకి మారుతుంది, చెల్లింపు అక్కణ్ణుంచి జరుగుతుంది. మూడు రోజులే కదా అని ఇన్నాళ్లూ ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు అది నలభై రోజులు.

"చూడు విస్తిన్. అడగనివాడి డబ్బు భద్రంగా ఉంది. నా డబ్బు నాకివ్వండి అని అడిగినవాడిది మాత్రం ప్రకటనలకు పోతోంది" అంది. కాసేపు రొట్టె వైపు చూసి, "అన్నీ నేలమీది ముక్కలే" అంది.

లైసెన్సు ఆఫీసుకు వెళ్దామన్నాను. వెళ్లి ఏం చెప్పాలి, పంపిన ప్రతి అంకే నిజమే కదా, అంది. ఇప్పుడు చెబితే ఆపేస్తారు, ఆపిన రోజున ఖర్చుల ఖాతాలో ఏముంటే అదే ఈ వరసలో ఉన్నవాళ్లకు మిగిలేది. ఆ రోజు అందులో పదమూడు వేలున్నాయి. వరసలో ఉన్నది ఆరు లక్షల ఎనభై వేలు. ఇంకా ఒక కారణం ఉంది, అది ఆమె చెప్పలేదు. పెన్షనుకు ఇంకా మూడేళ్లు. ఇంట్లో భర్త ఓడల మరమ్మతు పనిలో నడుము పోగొట్టుకుని కుర్చీలోనే ఉన్నాడు. నేను మాత్రం ఏం వెళ్లాను.

రెండు వారాల తర్వాత ఒక గురువారం పొద్దున్న ఏడున్నరకు నేను వెళ్లేసరికి ఆమె అప్పటికే వచ్చి ఉంది. కోటు కూడా విప్పలేదు. ఖర్చుల ఖాతాలో ఏడు లక్షల పదివేలు ఉన్నాయి. ఎడ్గార్ మన ఆటగాళ్ల జాబితాను ఏదో పెద్ద కంపెనీకి అమ్ముతున్నాడని అందరికీ తెలుసు. అతను ఆ పనిమీదే లండన్‌లో ఉన్నాడు. ఈ ఏడు లక్షలు ఆ అమ్మకంలో మొదటి వాయిదా. శుక్రవారం అది ప్రకటనల వాళ్లకూ, అతను పెట్టిన ఇంకో కంపెనీకీ వెళ్లిపోతుందని ఆమె దగ్గర కాగితం ఉంది.

విత్‌డ్రాలు పంపెయ్, అన్నాను. ఆయన సరే లేకుండా ఒక్క యూరో కదలదు, అంది. కదిలేది ఒకటే ఉంది. రద్దు. ఆమె విత్‌డ్రాను రద్దు చేస్తే డబ్బు ఆటగాడి ఖాతాకు తిరిగి వెళ్తుంది. అంటే బ్యాంకులో ఖర్చుల ఖాతాలోంచి ఆటగాళ్ల ఖాతాకు దానంతటదే మారుతుంది. దానికి పై సంతకం అక్కర్లేదు. రద్దంటే కంపెనీకి లాభమే కాబట్టి దానికి కాపలా పెట్టాలని ఎవరికీ తట్టలేదు.

నేను ఆ మాట రెండుసార్లు మనసులో తిప్పుకున్నాను. డబ్బు కోసం నలభై రోజులనుంచి ఎదురుచూస్తున్నవాళ్లకు డబ్బు ఇవ్వనని చెప్పాలి. అలా చెబితేనే అది వాళ్లదవుతుంది.

"తిడతారు" అన్నాను.

"ఇప్పుడేం పొగుడుతున్నారు" అంది.

కోటు విప్పి కుర్చీ వెనక వేసి మొదలుపెట్టింది. ఒకేసారి అన్నీ రద్దుచేసే దారి లేదు. పేరు తెరవాలి, కారణం ఎంచుకోవాలి, అవునని నొక్కాలి, బ్యాంకు పేజీలో డబ్బు మారిందో లేదో చూడాలి. మారాకే తర్వాతది. చూడకుండా పోతే ఇంకా తొందరగా అవుతుందని నేనన్నాను. ఆమె నావైపు చూసిన చూపుకు మళ్లీ అనలేదు. నేను పక్కన కూర్చుని జాబితాలోంచి నంబర్లు చదివాను, అయినవి కొట్టేశాను. నాలుగు వందల పన్నెండు పేర్లు. ప్రతిదానికీ కింద చిన్న ఖాళీ గడిలో ఆమె ఒకే మాట రాసింది. మీ డబ్బు మీ ఖాతాలో భద్రంగా ఉంది, దయచేసి ఈ వారం ఆడకండి.

తొమ్మిదికల్లా చాట్ బల్ల మీద గోల మొదలైంది. దొంగలని ఏడు భాషల్లో రాశారు. ఒకతను ఆమె పేరు వెతికి పట్టుకుని ఆమె ముఖం గురించి రాశాడు. ఆమె చదివి, ఫొటో ఎక్కడ చూశాడో, అని తర్వాత నంబరు అడిగింది.

పదకొండు గంటలకు ఎడ్గార్ లండన్ నుంచి ఫోన్ చేశాడు. ఆమె స్పీకరు నొక్కింది.

"సాల్వీ, ఇవాళ రద్దులు అదిరిపోయాయే. బొమ్మ ఇప్పుడే చూశాను. ఏం చేశావు?"

"ఎప్పటి పనే ఎడ్గార్ గారూ. కాస్త తొందరగా వచ్చాను."

"ఇదీ కావాల్సింది. సోమవారం పస్టీత్సీలు నా ఖర్చు."

ఫోన్ పెట్టేశాక ఆమె నవ్వలేదు. చేతివేళ్లు రెండుసార్లు మడిచి విప్పుకుంది. ఆమెకు కీళ్లనొప్పులు, ఎడమచేతిలో ఎక్కువ.

పదకొండున్నరకు నేను రెండు వందల ఇరవయ్యో నంబరు చదివాను. ఆమె నొక్కలేదు. తెరమీద పేరు పక్కన పసుపుపచ్చ తాళం గుర్తుంది. కాలెర్వో.

తాళం తీసే హక్కు ఆమెకుంది. తీసి రద్దు చేస్తే పదకొండు వేల నాలుగు వందలు అతని చేతికి వస్తాయి, ఎర్ర బొత్తాం కూడా అక్కర్లేకుండా. తొమ్మిదేళ్లు ఆమె అడ్డంగా నిలబడింది దానికే. తియ్యకపోతే ఆ డబ్బు ఖర్చుల ఖాతాలో ఉండిపోయి అప్పులవాళ్ల మధ్య కలిసిపోతుంది. అతని ఖాతా మూసెయ్యలేమా అన్నాను. మూసిన ఖాతాలో డబ్బు నేరుగా విత్‌డ్రా వరసలోకే వస్తుంది, మళ్లీ ఇక్కడికే, అంది. ఆట ఆపుకునే అర్జీ పెట్టించలేమా అన్నాను. దానికి వారం గడువు పెట్టారు, ఎందుకు పెట్టారో నీకు తెలుసు, అంది.

కంపెనీ ఫోన్లలో మాటలు రికార్డవుతాయి. నా ఫోన్ అడిగి తీసుకుని మెట్లమీదికి వెళ్లింది. నేనూ వెళ్లాను. కాలెర్వో ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉంది, నెమ్మదిగా. ఆమెదీ అంతే. అందుకే ఒకరికొకరు బాగా అర్థమయ్యారు.

స్పీకరు నొక్కి, తను ఎవరో చెప్పింది.

"మీరు మగవాళ్లనుకున్నాను. ఏదో పొరపాటున ఆడపేరు పెట్టారని" అన్నాడు.

"నేను మిమ్మల్ని పొట్టివాళ్లనుకున్నాను. సంగతి వినండి, టైము లేదు."

ఆమె రెండు ఖాతాల సంగతీ, తాళం సంగతీ చెప్పింది. కంపెనీ ఎక్కువ రోజులు నిలబడదని కూడా చెప్పేసింది. చెబితే ఉద్యోగం పోయే మాట అది. అతను మధ్యలో అడ్డం రాలేదు.

"తాళం తీస్తే ఎన్నాళ్లు ఆగాలి?" అన్నాడు.

"నాలుగు రోజులు. నేనివాళ లైసెన్సు ఆఫీసుకు వెళ్తున్నాను. సోమవారానికి వాళ్లు అన్నీ ఆపేస్తారు. అప్పటిదాకా ముట్టుకోకపోతే చాలు."

"నాలుగు రోజులు ఆగగలిగేవాణ్ణయితే తొమ్మిదేళ్లనుంచి మీకెందుకు రాస్తాను సాల్వీనా?"

"కంప్యూటరు పక్కింట్లో ఇచ్చెయ్యండి."

"ఫోన్లో కూడా ఉంది ఆట."

"ఫోనూ ఇచ్చెయ్యండి."

"పక్కింటాయన నాకంటే ఎక్కువ ఆడతాడు."

ఆమె మెట్టుమీద కూర్చుంది. పాదాలు వాచి ఉన్నాయి, చెప్పుల పట్టీ విప్పుకుంది. "మీ కప్పు కారుతోంది కదా" అంది.

"కారుతోంది. బకెట్లున్నాయి." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "అలాగే ఉంచండి. కంపెనీ తింటే కంపెనీ తిన్నదని తిట్టుకుంటాను. నేనే తింటే ఎవర్ని తిట్టుకోను?"

"బాగా ఆలోచించే అంటున్నారా?"

"ఇప్పుడు తాళం ఉంది కాబట్టి ఆలోచించగలుగుతున్నాను."

అలాగేనండి, అని ఫోన్ నా చేతికిచ్చింది. బల్ల దగ్గరికొచ్చి, ఆ పేరు మూసి, "రెండు వందల ఇరవై ఒకటి" అంది. నేను చదివాను.

మూడుంబావుకు అయిపోయింది. నాలుగు వందల పదకొండు రద్దులు. ఆటగాళ్ల ఖాతాలోకి ఆరు లక్షల అరవై ఎనిమిది వేల ఆరు వందలు తిరిగి వెళ్లాయి. పేర్లూ అంకెలూ కాగితాలమీద అచ్చు తీసి, ప్రతి పేజీ కింద సంతకం చేసి, సంచిలో పెట్టుకుంది. లైసెన్సు ఆఫీసుకు రెండు బస్సులు మారాలి. నేను వస్తానన్నాను. ఇద్దరం వెళ్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి, వద్దంది. అక్కడ ఒక అమ్మాయి కూర్చోబెట్టి, అంతా విని, రాసుకుందట. రశీదు అడిగి తీసుకుందట సాల్వీనా. బయటికొచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది.

సోమవారం పదిన్నరకు లైసెన్సు ఆపేశారు. బల్లలన్నీ చీకటైపోయాయి. పస్టీత్సీలు మాత్రం వచ్చాయి. గురువారం ఫోన్ పెట్టేయగానే ఎడ్గార్ ఆర్డరు పెట్టాడట. ఎవరూ ముట్టుకోలేదు. మధ్యాహ్నం కోర్టు నియమించిన మనిషి వచ్చి తలుపులకు కాగితాలు అంటించేటప్పుడు తను రెండు తిన్నాడు.

గురువారానికీ సోమవారానికీ మధ్య, ఆడకండని రాసినా, ముప్ఫై ఒక్కమంది ఆడారు. వాళ్లలో పంతొమ్మిది మంది మొత్తం పోగొట్టుకున్నారు. ఆ పంతొమ్మిది పేర్లూ ఆమె రాసుకుని ఉంచుకుంది. ఎందుకని అడిగితే, నేను ఇచ్చిందే కదా వాళ్లు పోగొట్టుకున్నది, అంది. మిగతావాళ్లకు పదకొండు నెలల తర్వాత పూర్తి డబ్బు వచ్చింది. ఎవరో ఒకరిద్దరు ఆమెకు రాశారు. ఆమె ముఖం గురించి రాసినవాడు రాయలేదు.

విచారణలో కోర్టు మనిషి ఆమెను రెండుసార్లు పిలిచాడు. నాలుగు వందల పదకొండు వెనక్కి పంపినదానివి ఈ ఒక్కటి ఎందుకు వదిలేశావు, పొరపాటా, అని అడిగాడు. కాలెర్వో గారే వద్దన్నారు, అంది. అది ఏ గడిలో రాయాలో కోర్టు మనిషికి తోచలేదు. పొరపాటు అని రాసుకున్నాడు. కాలెర్వో డబ్బు మామూలు అప్పుల జాబితాలోకి వెళ్లింది, ప్రకటనల వాళ్ల పక్కన, అద్దె వాళ్ల కింద. చివరికి నూటికి పదకొండు లెక్కన పన్నెండు వందల యాభై నాలుగు యూరోలు తేలాయి.

అప్పటికి సాల్వీనా జైతూన్ ఊళ్లో తన ఇంట్లోనే ప్యాంట్లు పొట్టి చేసి, జిప్పులు మార్చి బతుకుతోంది. ఇంకో పోకర్ కంపెనీ పిలిచింది. వెళ్లలేదు. నేను ఒక ఆదివారం ఆమె మిషన్ దారం బిగువు సరిచేస్తుండగా కాలెర్వో ఫోన్ చేశాడు. మామూలు పలకరింపులయ్యాక అసలు మాట చెప్పాడు. ఆ పన్నెండు వందలు తన బ్యాంకులోకి రావడం ఇష్టం లేదు. ఆడుకునే చోట్లు ఇంకా వందున్నాయి. ఆమె బ్యాంకుకు పంపిస్తాడు. రేకులు కొన్నప్పుడు కొన్నంత పంపితే చాలు.

"నావల్ల కాదండీ" అంది. "పదకొండేళ్లు జనం డబ్బు పట్టుకున్నాను. ఇంక నాకు ఓపిక లేదు."

అతను బతిమాలలేదు. సరే సాల్వీనా, తప్పుగా అనుకోకండి, అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆమె చాలాసేపు జిప్పు విప్పుతూ కూర్చుంది. లోపల్నుంచి భర్త, ఎవరది అని అడిగాడు. ఎవరూ కాదు, ఫిన్లాండాయన, అంది.

బుధవారం బ్యాంకుకు వెళ్లింది. నాకు తర్వాత చెప్పింది. ఖాతా ఉంది కదమ్మా, ఇంకోటెందుకు, అందట కౌంటరులో అమ్మాయి. ఇది నాది కాదు, నా డబ్బుతో కలవకూడదు, అందట. పేరు మాత్రం మీదే ఉంటుంది అంటే, తెలుసు, పుస్తకం అట్టమీద ఆయన పేరు నేను రాసుకుంటాను, అందట. రాసింది. నేను చూశాను, పెద్దక్షరాలతో, కింద ఊరి పేరుతో సహా. ఆయన కాలం చేస్తే ఎవరికివ్వాలో అడిగి అది కూడా లోపల రాసింది. ఆ ఖాతా నంబరు అతనికి పంపింది, పన్నెండు వందల చిల్లరా అందులోకి వచ్చాయి. ఆ పుస్తకం మిషన్ సొరుగులో వేరే అరలో ఉంటుంది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం అతను ఫోన్ చేసి మొత్తం పంపెయ్యమన్నాడు. నేను అక్కడే ఉన్నాను. రేకులకేనా, అని అడిగింది. అతను జవాబు చెప్పలేదు. ఆమె స్పీకరు నొక్కి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని దారం తెంపుకుంటూ కూర్చుంది. రెండు మూడు నిమిషాలు అలాగే ఉన్నారు ఇద్దరూ.

"రెండు వందలు" అన్నాడు చివరికి. "వంటగది పైన నాలుగు రేకులు పట్టే చోటు. మంచు కరిగేలోపు కొనాలి."

"పంపుతాను" అంది.

బ్యాంకు మూసేది రెండున్నరకు. అప్పుడు రెండయింది. రేపు వెళ్లకూడదా, మోకాళ్లు నొప్పని పొద్దున్నే అన్నావు, అన్నాను. ఆమె అప్పటికే కోటు వేసుకుంటోంది. చేతిలో ప్యాంటు నాకిచ్చి, కుట్టు సగంలో ఉంది, సూది కదలకుండా చూడు, అని చెప్పి, సొరుగులోంచి పుస్తకం తీసుకుని బయల్దేరింది.